కొండను చెరిగిన రాజులమ్మ

రాజులమ్మ ఒక్క నెలకని కొండెక్కింది. శృంగవరపుకోటలో తల్లికి ముందే చెప్పి వచ్చింది: మనసు నిలిస్తే ఉంటాను, నిలవకపోతే నెల తిరిగేసరికి తమ్ముణ్ణి పంపండి, వచ్చేస్తాను. ఆ మాట మొగుడు వరహాలరావు చెవిన కూడా పడింది. 1926 చలికాలమది. అరకు సంతలో ఉప్పు, పొగాకు, కిరసనాయిలు అమ్ముతూ, రెండేళ్ళు ఒంటరిగా వండుకు తిన్నాడతను. భార్య వస్తోందనేసరికి, వలిసె చేలు అంత పసుప్పచ్చగా పూసింది తన కోసమేననుకున్నాడు.

ఆమె ఉండిపోవాలి. దానికి శృంగవరపుకోటలో లేనిదేదో ఇక్కడ కనబడాలి. ఆలోచించి ఆలోచించి తిరగలి చేయించాలనుకున్నాడు. కోటలో తిరగళ్ళన్నీ నల్లవి. వాగు పక్క చరియలో మాత్రం ఒక రాయి ఉంది. తెలుపు మీద ఎర్ర చుక్కలు, చుక్కల మధ్య మెరుపులు. పొద్దు ఎక్కితే ఆ చరియ నవ్వుతున్నట్టే ఉండేది.

ఉప్పు వ్యాపారి ఏ సరుకునైనా నాలుక మీద వేసుకోనిదే నమ్మడు. వరహాలరావు రాతిని కూడా నాకాడు. ఉప్పగా లేదు, చేదుగా లేదు. పైగా నాలుకకు అతుక్కుంది.

"పట్టుకుంది సోంబరూ! వదలనంటంది!"

రాళ్ళు కొట్టే సోంబరు ఉలి పక్కన పెట్టి పడీ పడీ నవ్వాడు. "ఈ రాయితో తిరగలి ఎవులూ అడగనేదు సావుకారూ. నాకినోడివి నువ్వు. పూచీ నీదే."

తిరగలి వచ్చింది. రాజులమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, బియ్యం విసిరి, చెక్కలు వేయించింది. వరహాలరావు ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఏటి కరకర! కోటలో ఇలాటి చెక్కలు ఎప్పుడైనా తిన్నానా?"

"అది చెక్క కాదండీ," అంది రాజులమ్మ, తన నోట్లోంచి ఒక ఎర్ర గింజను తీసి వెలుతురుకు పట్టి. "మీ కొండ."

అతని దవడ ఆగిపోయింది. అయిపోయింది, బండి కట్టిస్తుందనుకున్నాడు. రాజులమ్మ మిగిలిన పిండిని చేటలోకి ఒంపి, పెరట్లోకి నడిచింది.

చెరగడంలో ఆమెను మించినవాళ్ళు పుట్టింటి వీధిలో లేరు. ఒక విసురుకు పిండి తెల్లటి మబ్బై లేచింది. ఇంకో విసురుకు కాకిబంగారం రేకులు ఎగిరి ఆమె జుట్టు మీద, కనుబొమల మీద వాలాయి. గాజుముక్కల్లాంటి పలుగురాళ్ళు చేట మధ్యలో ఆగాయి. ఎర్ర గింజలు మాత్రం బరువుగా, కదలకుండా, చేట మొదట్లో కూర్చున్నాయి.

"ఓయమ్మో," అంది రాజులమ్మ. "దీనికీ పొట్టుంది, తాలుంది, గింజుంది!"

నిజానికి ఉంది. ఆ కొండ ఒకప్పుడు భూమి లోతున కరిగి ఉన్న ముద్ద. తీరిగ్గా చల్లారుతూ గ్రానైట్ అయింది. పొటాషియం, అల్యూమినియం, సిలికా చేతులు కలిపి తెల్లని ఫెల్డ్‌స్పార్ అయ్యాయి. మిగిలిపోయిన సిలికా పలుగురాయి అయింది. పొరలు పొరలుగా అభ్రకం పేరుకుంది, మనం కాకిబంగారం అనేది దాన్నే. ఆ తర్వాత కొండల బరువు కింద మళ్ళీ ఉడికినప్పుడు, ఇనుమూ అల్యూమినియమూ సిలికాతో ముడిపడి ఎర్రని గార్నెట్ గింజలయ్యాయి. పైకి తేలాక వానలు పట్టుకున్నాయి. వాన గాలిలోంచి చిటికెడు పులుపు తెచ్చుకుంటుంది. ఆ పులుపుకు ఫెల్డ్‌స్పార్ తన పొటాషియాన్ని నీళ్ళకు వదిలేసి మెత్తని తెల్లమన్ను అయిపోతుంది. వరహాలరావు నాలుకను పట్టుకున్నది ఆ మన్నే. మన్ను సడలాక గింజలు రాలక ఏం చేస్తాయి?

రాజులమ్మకు ఈ పేర్లేవీ తెలియవు. చేట తెలుసు. మర్నాటి నుంచి వంట కాగానే వాగు దగ్గరికి పరుగు. చరియ కింద రాలిన గుల్లరాయిని చేత్తో నలుపుతుంది, కడుగుతుంది. వాగు నీళ్ళు పాలలా తెల్లబడతాయి. ఆరబెట్టి చెరుగుతుంది. సంతకొచ్చిన ఆడవాళ్ళు చుట్టూ చేరి చేటలు లాక్కునేవారు. ఎవరి మొహం ఎక్కువ మెరిస్తే వాళ్ళు గెలిచినట్టు. వరహాలరావు కొట్టులోంచి చూస్తుండేవాడు. ఉంటావా అని అడగడానికి నోరు రాలేదు. వేరే నల్లరాతి తిరగలి కావాలందామె, అంతే. "ఈమాటు సోంబరే ఏరతాడు. మీరు నోరు మూసుకుని నిల్చోండి."

నెల తిరిగింది. తమ్ముడు అప్పలస్వామి బండితో వచ్చి, వాగు ఒడ్డున నిలబడ్డాడు.

"అప్పా! ఏటి సేత్తన్నావక్కడ? బేగి బయల్దేరు, చీకటి పడితే ఘాటీ దారిలో పులి తిరుగుతాదట."

"తిరగనీరా. ముందు దిగి ఈ తట్ట అందుకో."

అందుకున్నాడు. ఒక చేట చెరిగాడు. చేతకాక మరొకటి చెరిగాడు. వరహాలరావు కొట్టు వదిలి ఒడ్డుకు వచ్చి చూస్తున్నాడు.

రాజులమ్మ చీర కుచ్చెళ్ళు పిండుకుంది. "అమ్మతో చెప్పు. ఒక్క చరియే అయింది. అటుపక్క రాయి రంగు వేరేగా ఉంది. అదేటో చూడాలి."

"బావా, నువ్వైనా చెప్పవేటి?"

బావ అక్కడ లేడు. ఆ మాట వినగానే కొట్టుకు వెళ్ళిపోయి ఉప్పు కొలుస్తున్నాడు. కుంచం నింపి, మీద గోపురం కట్టి, ఆ గోపురం మీద ఇంకో దోసెడు పోశాడు.

"ఏటి సావుకారూ," అంది సంతకొచ్చిన ముత్యాలమ్మ, బుట్ట రెండు చేతులా పట్టుకుని, "గోనె సిరిగిపోనాదా?"

వరహాలరావు నవ్వుతూ మరో దోసెడు పోశాడు.