బోర్డు పెట్టని డాక్టరమ్మ

మా డాక్టర్ ఆంటీ పోయారని మొన్న మంగళవారం ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. వెంటనే ఏడుపు రాలేదు. ఇకనైనా కాస్త కూర్చుంటారులే అనిపించింది.

Y2K కంప్యూటర్ల పని మీద మావారికి సిడ్నీలో ఉద్యోగం దొరికి, మేం ఆ ఊరి శివారు గిరావీన్‌లో దిగిన కొత్తలో ఆవిడ క్లినిక్‌లో రిసెప్షనిస్టుగా చేరాను. ఆవిడది తెనాలి. నిలబడే కాఫీ తాగేవారు, అదీ సగమే. మిగతాది చల్లారిపోయాక సింకులో పారబోసేవారు.

ఆ చలికాలం, కొడుకును చూడటానికి ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫ్లూ ముదిరి చనిపోయాడు. టీకా ఉందని తమకెవరూ చెప్పలేదని ఆయన కోడలు మా కౌంటర్ దగ్గర నిలబడి అంది. నాకు మనసాగలేదు. ఆంటీకి చెప్పకుండా తెలుగులో ఓ కాగితం రాశాను. టీకా పేరు, మా క్లినిక్ పేరు, కింద ‘ఇది వేయించుకుంటే ఫ్లూ రాదు’ అని. జిరాక్సులు తీసి ఇండియన్ సరుకుల కొట్లలో అంటించి వచ్చాను.

కొన్నాళ్లకు రాష్ట్ర ఆరోగ్యశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. డాక్టరు చీటీ ఉంటేనే ఇచ్చే మందులకు, టీకాలకు పేరు పెట్టి జనంలో ప్రచారం చేయకూడదని చట్టమట. సంజాయిషీ అడిగారు. తప్పు నాదని రాసిస్తానన్నాను. క్లినిక్ తనదని, జవాబు తనే చెప్పుకుంటానని ఆంటీ సంతకం పెట్టేశారు. లైసెన్సు పోతుందేమోనని నేను తిండి మానేశాను.

“మంచి మాట చెప్పినా తప్పేనా ఆంటీ?” అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు. “ఫ్లూ రాదని రాశావు. వేసినా కొందరికి వస్తుందమ్మా. రేపు మందుల కంపెనీవాళ్లు నీ కాగితం కన్నా పెద్ద బోర్డు పెడితే, ఆ మాట ఎవరు చెప్తారు? లా కరెక్టే. ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పే ఓపిక నాకే లేదు, అంతే.”

ఆ గొడవ ఓ హెచ్చరికతో పోయింది. ఆ తర్వాత ఆంటీ, చెవినొప్పని వచ్చినవాళ్లను కూడా, ఇంట్లో పెద్దవాళ్లున్నారా అని అడగడం మొదలుపెట్టారు. టీకా ఎవరికి మంచిదో, ఎవరికి వద్దో, ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పేవారు. సాయంత్రానికి గొంతు పోయేది. కొందరు అంతా విని వద్దని వెళ్లిపోయేవారు. “విన్నారు కదా, చాలు” అనేవారు ఆంటీ.

ఒకసారి, చెవులు సరిగా వినపడని ఒక బామ్మగారి పక్కన నేలమీద మోకాళ్లూని, చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పారు. బామ్మగారు శ్రద్ధగా విని, “ఇంకోసారి చెప్పమ్మా” అన్నారు. ఆంటీ గోడకు తల ఆన్చి ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. మళ్లీ మొదటినుంచి చెప్పారు.