జర్మన్ ఆయనకు చెప్పని మాట

ఇరవై ఏళ్లకు పైగా ఒక జర్మన్ మనిషిని నెత్తిన పెట్టుకుని తిరిగాను. దేవుడి పటాల పక్కనే ఆయన రికార్డుల అట్టలు పేర్చుకుంటే అమ్మ ఊరుకునేది కాదు. "ఆ బోడిగుండోడికి కూడా అగరొత్తులు ఎలిగించమంటావేటిరా?" అనేది. నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఆ అట్టలు కంటబడితే ఒళ్లు మండిపోతుంది. ఆయన మీద కాదు, నా మీద నాకే.

కౌలాలంపూర్‌లో నాది సౌండ్ సిస్టమ్ పని. పెళ్లిళ్లకూ గుడి ఉత్సవాలకూ స్పీకర్లు మోసుకెళ్లి కడతాను. బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక మేడ మెట్ల కింద గదిలో నా సామానంతా ఉంటుంది. ఈ పనిలోకి నన్ను లాగింది ఆ జర్మన్ ఆయన సంగీతమే. ఆయన కథ నాకు కంఠతా వచ్చు. వాళ్ల ఊళ్లో ఫ్యాక్టరీ మూతపడి తండ్రి ఖాళీగా కూర్చుంటే, ఇంటి నేలమాళిగలో ఒక పాత సింథసైజర్ పెట్టుకుని మొదలుపెట్టాడు. మొదటి రికార్డు తానే అచ్చేయించుకుని, సైకిల్ మీద కొట్టుకొట్టుకూ తిరిగి అమ్మకానికి ఇచ్చొచ్చాడు. తరవాత క్లబ్బులు, గంతులు, పేరు. ఇంకొకడైతే అదే దారిన పోయి మేడలు కట్టేవాడు. ఈయన ఉన్నట్టుండి పాటలోంచి దరువు తీసేశాడు. అభిమానులు దుమ్మెత్తి పోశారు. చాలా ఏళ్లు ఇతర గాయకుల రికార్డులు తయారుచేస్తూ తెర వెనకే ఉండిపోయాడు. ఆ తరవాత మనుషుల గొంతుల మీద పడ్డాడు.

అదే ఆయనకు మళ్లీ పేరు తెచ్చింది. దేశాలు తిరిగి ముసలివాళ్ల చేత పాడించుకుంటాడు. ఆ పాటను కత్తిరించి, సాగదీసి, మాటలన్నీ తీసేసి, ఊపిరీ మూలుగూ మాత్రం ఉంచుతాడు. పని కాగానే అసలు రికార్డింగు చెరిపేస్తాడు. అసలు పాట దగ్గరుంటే మనసు దానివైపే వెనక్కి లాగుతుందట. ప్రతి ఇంటర్వ్యూలోనూ ఈ మాట చెప్పాడు. అబ్బ, ఎంత గుండె ధైర్యమో అని నా తోటి సౌండ్ వాళ్ల దగ్గర టీ తాగుతూ ఎన్నిసార్లు గొప్పలు పోయానో. ఆ చెరిపేసేది ఎవరి అమ్మ పాటో అని ఒక్కనాడూ అనుకోలేదు.

మా అమ్మ ఉత్తరాన పేరక్ రాష్ట్రం వైపు రబ్బరు ఎస్టేట్‌లో పుట్టిన మనిషి. రబ్బరు పాలు తీసిన చేతులు. ఎస్టేట్ వదిలి పట్నం వచ్చేసినా, మావాళ్లలో ఎక్కడ పెళ్లయినా అప్పగింతల పాటకి ఆమెకే కబురొచ్చేది. ఆమె పాట కాగితం మీద ఉండదు. రాగమొకటే, మాటలు మాత్రం పిల్ల పిల్లకీ మారిపోతాయి. పెళ్లినాడు పొద్దున్నే పెళ్లికూతురి తల్లిని కూర్చోబెట్టి, "నీ కూతురు ఏటి తింటాది? దేనికి బయపడతాది? కోపమొస్తే ఏటి సేస్తాది?" అని అడిగి తెలుసుకునేది. అప్పగింతల వేళ అవన్నీ పాటలో కట్టి అత్తగారికి ఒప్పజెప్పేది. మా పిల్లకి ఉరుమంటే బయమమ్మా, పిడుగు పడితే దగ్గరికి తీసుకో అన్నట్టు. హాలులో కళ్లు తుడుచుకోనివాళ్లు ఉండేవారు కాదు.

ఆ జర్మన్ ఆయన మా ఊరు వచ్చాడు. చిన్న హాలులో కచేరీ, స్పీకర్లు కట్టే పని నాకే దొరికింది. నా కాళ్లు నేలమీద నిలవలేదు. ఇక్కడ పాత పాటలు పాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఆయన అడగడమే ఆలస్యం, మర్నాడు మధ్యాహ్నానికి భోజనానికని మా ఫ్లాటుకి తీసుకొచ్చేశాను. మనిషి మంచివాడు. చేత్తోనే తిన్నాడు, రసం రెండుసార్లు పోయించుకున్నాడు. తరవాత చిన్న రికార్డర్ తీసి బల్లమీద పెట్టాడు.

అమ్మ నావైపు తిరిగింది. "నాయనా, తెల్లాయనకి సెప్పు. ఇది ఆడపిల్లని అప్పగించే పాట. సగంలో తుంపకూడదు, తుంపితే పిల్లకి మంచిది కాదు. మొత్తం ఉంచుతానంటేనే పాడతాను. అడుగు."

ఆమె ఏమంటోందని ఆయన నన్ను అడిగాడు. ఏం చెప్పను? అంతటివాడు నా ఇంట్లో కూర్చుంటే, మీ పద్ధతి మా అమ్మకి నచ్చదండీ అననా? సిగ్గేసింది. బుద్ధి గడ్డి తిని, "మీ పద్ధతి ఆమెకు తెలుసు, సంతోషంగా పాడతానంటోంది" అని ఇంగ్లీషులో చెప్పాను. అమ్మతో, "సరేనన్నాడమ్మా" అన్నాను.

ఎదురుగా ఎవరో ఒక పిల్లని అనుకోనిదే ఆ పాట రాదంది అమ్మ. నా కూతుర్ని అనుకుంది. అది అప్పుడు స్కూల్లో ఉంది. కళ్లు మూసుకుని, గోడకి ఆనుకుని, నా కూతుర్ని ముక్కూమొహం తెలియని అత్తగారికి అప్పగిస్తూ చాలాసేపు పాడింది. అయ్యాక కొంగుతో మొహం తుడుచుకుని, "నీ మిషన్లో కూడా పట్టుకోరా, మళ్లీ పాడతాను" అంది. ఇల్లంతా మైకులున్నవాణ్ణి. "ఎందుకమ్మా, ఆయన దగ్గర భద్రంగా ఉందిగా" అన్నాను.

ఏడాది తిరిగాక రికార్డు వచ్చింది. అమ్మకి వినిపించాను. దూరంగా గాలి వీస్తున్నట్టు ఒక హోరు, మధ్యమధ్య ఊపిరి పీల్చిన చప్పుడు.

"ఇందులో నేనేదిరా?"

"అదేనమ్మా, ఆ ఊపిరి నీదే."

"మాటలో?"

"ఆయన దగ్గరున్నాయి. వేరేగా దాచాడు."

"అయితే సరేలే" అంది అమ్మ. నా మాట నమ్మింది. నేను ఏమి చెప్పినా నమ్మేది.

మరుసటి ఏడు ఆమెకు పక్షవాతం వచ్చింది. ముందు మాట పడిపోయింది, తరవాత మనిషే పోయింది. మంచం మీద ఉండగా నా కూతురు చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాలని పెదవులు కదిపేది. ఏమీ వచ్చేది కాదు. చూడలేక నేను బయటికి వెళ్లిపోయేవాణ్ణి.

కొన్నేళ్లకు కూతురి పెళ్లి కుదిరింది. దానికి తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడేది తక్కువ, మాట్లాడినా ఇక్కడి మలేషియావాళ్లలాగే మాట చివర 'లా' తగిలిస్తుంది. నా భార్య తమిళం మనిషి, ఇంట్లో తమిళమే ఎక్కువ. అయినా అది ఒకటే కోరింది. "నానా, అప్పగింతలప్పుడు మామ్మ పాట వెయ్యి లా. నాకోసం పాడినాది కదా, అదే కావాలి." వేస్తానని మాటిచ్చాను.

జర్మనీకి రాశాను. రెండు రోజుల్లోనే జవాబు వచ్చింది. అమ్మ పోయినందుకు ఎంతో బాధపడ్డాడు. ఆమె గొంతు తన జీవితంలో విన్న గొప్ప గొంతుల్లో ఒకటన్నాడు. అసలు రికార్డింగు మాత్రం లేదు, అలవాటు ప్రకారం చెరిపేశానన్నాడు. నా పద్ధతి ఆమెకు తెలుసనీ, సంతోషంగా ఒప్పుకుందనీ మీరే చెప్పారు కదా అని రాశాడు. తప్పు పట్టడానికి రాయలేదు, పాపం. తల కొట్టేసినట్టయింది.

పిచ్చివాడిలా ఇల్లిల్లూ తిరిగాను. అమ్మ పాడిన ప్రతి పెళ్లి వీడియో పెట్టించి చూశాను. అప్పగింతల దగ్గరికి వచ్చేసరికి ప్రతిదాంట్లోనూ అమ్మ నోరు కదులుతూనే ఉంటుంది, పైన మాత్రం సినిమా పాట వేసేశారు. వీడియోవాళ్లందరిదీ ఒకటే వరస. వాళ్లను తిట్టడానికి నాకేం నోరుందని?

పెళ్లి గుడి పక్క హాలులో జరిగింది. పళ్లెంలో పాలు పోశారు. కూతురి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టాలి, పాట అప్పుడే రావాలి. అది తలెత్తి మిక్సర్ దగ్గర నిలబడ్డ నన్ను చూసింది. దగ్గరికి వెళ్లాను. పాట లేదమ్మా అన్నాను. అక్కడే, అందరి ముందూ, జరిగిందంతా చెప్పేశాను. నేను అబద్ధం ఆడానని కూడా చెప్పాను.

అది ఏడవలేదు. కోప్పడలేదు. పాలు కారుతున్న చేతులతో నా చొక్కా పట్టుకుని, "పరవాలేదు నానా. పాట లేకపోతే లేదు. మామ్మ నా గురించి ఏటి పాడినాది? అది సెప్పు చాలు" అంది. అత్తగారు కూడా వినడానికి కొంచెం ముందుకి వంగింది.

అమ్మ పాడిన ఆ మధ్యాహ్నం నేను ఆమెకి ఎదురుగానే కూర్చున్నాను. మూరెడు దూరం కూడా లేదు. కాని నేను వినలేదు. ఆమె పాడినంతసేపూ ఆ జర్మన్ ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నాను, ఆయనకి నచ్చుతోందా లేదా అని. ఒక్క మాట కూడా నా చెవిన పడలేదు.

"నానా, సెప్పు లా" అంది మళ్లీ నా కూతురు.