సిద్దమ్మ అడిగిన సాక్ష్యం

బద్వేలు పక్క పల్లెలో సిద్దమ్మ కోలాటం గురువు. ఆమె ఒక చరణం ఎత్తుకుంటే దళంలోని ఆడవాళ్లందరూ ఒక్క గొంతై అందుకునేవారు. శ్రీరామనవమి ఉత్సవాలకు ఒంటిమిట్ట కోదండరాముని ముందు ఆడటం ఆ దళానికి ఏటేటా దక్కే భాగ్యం. అంతకు మించిన పుణ్యాన్ని సిద్దమ్మ ఎన్నడూ కోరలేదు.

నిరుడు సాధన ముగించుకొని అందరూ కలిసి ఇళ్లకు వస్తున్నారు. ఇంకా పొద్దు గుంకలేదు. మోటారుసైకిలు మీద వచ్చిన ఒకడు సిద్దమ్మ చెవి బంగారు కమ్మను పట్టి లాక్కుపోయాడు. చెవి తమ్మె రెండుగా చీలింది. వాడు ముఖమైనా కప్పుకోలేదు. దళానికి బస్సు సమకూర్చే హర్షవర్ధన్‌కు స్వయానా బావమరిది. శివజ్యోతి వాణ్ని పేరు పెట్టి అరిచింది కూడా. తల్లి లేని ఆ పిల్లకు అన్నం పెట్టి, కోలలు పట్టించింది సిద్దమ్మే.

తొలి వారమంతా పరామర్శలు. తరువాత మాట తిరిగింది.

"బంగారు పెట్టుకోని ఊరేగమని ఎవురన్న్యారు?"

"కమ్మ కోసరం పిల్లోని బతుకు పాడు జేస్తాదా?"

చేసినవాడికి బతుకు మిగిలింది. ఆమెకు కమ్మ మాత్రమే పోయినట్లయింది.

కోర్టులో దైవసాక్షిగా ప్రమాణం చేసి, శివజ్యోతి తల వంచుకుంది. "చీకట్లో ఎవురో కనపళ్లేదు సార్." తక్కినవారూ అక్షరం పొల్లుపోకుండా అదే పలికారు. సిద్దమ్మ నేర్పిన క్రమశిక్షణ అక్కడ అలా అక్కరకు వచ్చింది. కేసు కొట్టివేశారు.

ఈ ఏడు నవమికి దళమంతా ఆమె గడప ముందు నిలిచింది.

"రాక్కా, బస్సొచ్చి ఉండాది. నువ్వు లేకుంటే పాట ఎవురెత్తుకుంటారు?" అంది శివజ్యోతి.

"ఎవురి బస్సమ్మీ?"

శివజ్యోతి చేతిలోని కోలలు సర్దుకుంది.

"వస్తాలే. కేసు అయిపాయ, ఇంక ఎవురికీ శిచ్ఛ పడదు. ఈడ పోలీసులు ల్యారు, వకీళ్లు ల్యారు. వాణ్ని చూసినామని మీలో ఒక్కరనండి. నాతో అంటే చాలు."

ఆడవాళ్లు నేల చూశారు. శివజ్యోతి దగ్గరకు వచ్చి, చీలిన తమ్మె వైపు చేయి చాచి ఆగింది.

"ఇంగా నొస్తాందా అక్కా?"

"ఏం జరిగిందని నొస్తాది?"

ఆ పిల్ల పెదవులు కదిలాయి. వీధి చివర హారను మోగింది. "పొద్దు పోతాంది," అని గొణిగి వెనుదిరిగింది. దళం ఆమె వెంట నడిచింది.

సిద్దమ్మ తలుపు మూసి, గూటిలోని రామునికి దీపం వెలిగించింది.

"నువ్వన్నా చూసినావు గదా సామీ," అంది.