థోర్కిల్ కొన్న బీరు పెట్టె

లిమ్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ గట్టున వడ్రంగి థోర్కిల్‌కి పనితనంలో ఎంత పేరుందో, పిసినారితనంలోనూ అంతే పేరుంది. ఆ రెండో పేరు ఉత్త అన్యాయం. పనిలో తప్పు చేసినవాడు తోటివాళ్లకి ఒక పెట్టె బీరు కొనాలన్నది అక్కడి పనివాళ్ల కట్టుబాటు. కొలత తప్పినా, తలుపు తిరగేసి బిగించినా బీరే. ఇరవై రెండేళ్లలో థోర్కిల్‌కి ఒక్క సీసా కొనే అవసరం పడలేదు. అతని జట్టులో అందరికన్నా పెద్దవాడు ఎబ్బే. "నీ బీరు తాగకుండానే పోయేలా ఉన్నానురా" అని ఏటా ఏడుస్తూనే ఉండేవాడు. థోర్కిల్ మీసాల్లో నవ్వుకునేవాడు. మనిషికి కాస్త పొగరుండేది, ఉన్నమాట చెప్పుకోవాలి.

ఆ ఏడు ముసలివాళ్ల కోసం ఆశ్రమం కట్టే పని దొరికింది. ఆశ్రమం నడిపే బిర్గిట్టె ఒప్పందంలో ఒక ఆశ పెట్టింది. అక్టోబరు ఆఖరి శుక్రవారానికి ఇల్లు అప్పగిస్తే జట్టులో నలుగురికీ తలా పన్నెండు వేల క్రోనర్లు అదనం. ఎబ్బే భార్య కార్లా ఏడాదిపాటు ఆసుపత్రుల చుట్టూ తిరిగి అప్పుడప్పుడే కోలుకుంటోంది. ఆ డబ్బుతో ఆమెని బోర్న్‌హోమ్ దీవికి తీసుకెళ్తానని ఎబ్బే మాట ఇచ్చేశాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరక్కుండా ఆ సంగతి రొట్టెల కొట్టుదాకా పాకింది.

చేతులు మునుపెన్నడూ లేనంత జోరుగా ఆడాయి. గడువుకి తొమ్మిది రోజులున్నాయనగా, పనిముట్ల పెట్టె సర్దుకుంటున్న థోర్కిల్‌కి అడుగున రెండు టేపు చుట్టలు తగిలాయి. అసలు విప్పనేలేదు. పైకప్పు కింద పరిచే ప్లాస్టిక్ పొరకి అతుకుల దగ్గర వేయాల్సిన టేపు అది. ఉత్తరం వైపు మూడు గదుల్లో ఆ పొర పరిచింది తనే. అతుకులు రేపు వేద్దామనుకున్నాడు. తెల్లారి తను వచ్చేసరికే మిగతావాళ్లు, అంతా అయిందనుకుని, పైన చెక్కలు బిగించేశారు. తనూ మర్చిపోయాడు. అతుకు లేకపోతే గదిలోని ఆవిరి పైకి పాకి దూలాలకి పడుతుంది, పదేళ్లు తిరక్కుండా అవి కుళ్లుతాయి. బయటికి మాత్రం ఏమీ కనపడదు. విప్పి, అతికించి, మళ్లీ బిగించి రంగు వేయాలంటే రెండు వారాలు.

థోర్కిల్ చుట్టల్ని మళ్లీ పెట్టె అడుక్కి తోసేశాడు. తన డబ్బు పోతే పోయింది, కార్లా ప్రయాణం చెడగొట్టడానికి తనెవరు? అలా అనుకుని ఒక రోజంతా నోరు కుట్టుకున్నాడు. ఆ రోజు తిన్న రొట్టెకి రుచి లేదు. ఆ గదుల్లో పడుకునేదీ కార్లా లాంటివాళ్లే కదా.

మర్నాడు భోజనాల వేళ బల్ల మీద బీరు పెట్టె పెట్టాడు. ముందు అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత అతను టేపు చుట్టలు తీసి పక్కన పెట్టి, జరిగింది చెప్పాడు. అందరూ ఎబ్బే వైపే చూశారు. ఎబ్బే ఒక సీసా మూత తీసి, తీరిగ్గా సగం తాగాడు.

"ఇరవై రెండేళ్లు ఎదురుచూశానురా దీనికోసం. ఇంత ఖరీదైన బీరని తెలిస్తే ఇంకో ఇరవై ఏళ్లు ఆగేవాణ్ణి" అన్నాడు. సీసా దించి, "పద, చెక్కలు ఊడదీద్దాం" అని లేచాడు.

ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. తిడితే బాగుండేదని థోర్కిల్‌కి అనిపించింది.

బిర్గిట్టెకి అతనే వెళ్లి చెప్పాడు. మీరు చెప్పకపోతే నాకు తెలిసేదా అని ఆమె అడిగింది. తెలిసేది కాదు, డబ్బిచ్చి దండం పెట్టేవారు అన్నాడు.

గడువు దాటాక ఇల్లు అప్పగించిన రోజున బిర్గిట్టె ఒక బీరు పెట్టె తనే మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. "మీ కట్టుబాటు నాకూ వర్తిస్తుందిగా. బహుమానం తేదీకి పెట్టాను, ఇంటికి పెట్టలేదు. ఈ తప్పు నాది, థోర్కిల్ గారూ" అంది. అతను ఒక సీసా మూత తీసి ముందు ఆమెకే అందించాడు.

ఆమె కట్టించిన రెండో ఇంటికి ఒప్పందం మారింది. గాలి ఎక్కడా చొరబడకూడదు, ఒక చలికాలం గడిచాక చూసినా చెమ్మ ఉండకూడదు, అప్పుడే బహుమానం. ఆ డబ్బు జట్టుకి వచ్చింది. ఆ వేసవిలో బోర్న్‌హోమ్ నుంచి థోర్కిల్‌కి ఒక కార్డు వచ్చింది. దాన్ని పనిముట్ల పెట్టె అడుగున, ఆ చుట్టలు దొరికిన చోటే, ఇప్పటికీ దాచుకున్నాడు. కార్లా రాసింది రెండే ముక్కలు: "ఆలస్యంగానే వచ్చాం. సముద్రం ఎక్కడికీ పోలేదు."