బెల్లం చేప మీద పెట్టిన కట్టడి

వండిన చేపను కోత పండుగకు తేకూడదని మన చర్చి సంఘం పెట్టిన కట్టడిని మా పక్కింటి అక్క బతికుండగా ఎవరూ తీయలేదు. ఇప్పుడు ఆమె లేదు. పోయిన నెల ఆత్మకూరులో కూతురింట్లో, పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్లాగే పక్కకు ఒరిగిపోయింది. ఫోనులో కూతురు "మామా, అమ్మ పోయింది" అన్నప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పన్నెండేళ్లుగా లోపల పెట్టుకున్న కోపం. ఆ కట్టడి అన్యాయంగా పెట్టింది. ఆమె పేరు మీద పడిన మచ్చ అన్యాయంగా పడింది. అది తీయాలని ఇది రాస్తున్నాను. వేరే పని ఏమీ లేదు దీంతో.

నాకు చదువు తక్కువ. మూడో తరగతితో సరి. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కి బతికినవాణ్ణి. ఒత్తులు తప్పితే మన సంఘ పత్రికవాళ్లు దిద్దుకోవచ్చు, మాట మాత్రం దిద్దవద్దని చెప్పి ఇచ్చాను.

మన గుడికి వచ్చేవాళ్లందరికీ ఆమె తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతాను. ఆడపిల్లల హాస్టల్లో ముప్ఫై ఏళ్లు వంట చేసింది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కొంగు నడుముకు బిగించి ఉండేది. మాట కరుకు. హాస్టల్లో పిల్లలు అన్నం పారేస్తే ఆ పళ్లెం తీసుకుని వాళ్ల ముందే తినేది. తిట్టేది కాదు. ఆ తరవాత ఆ పిల్ల మళ్లీ మెతుకు పారేసేది కాదు. రిటైరైన తరవాత మా ఇంటి పక్కనే ఉండేది. మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఆమె వంటింట్లో తిరగమోత వేస్తే నా ఇంట్లో తుమ్ము వచ్చేది.

బెల్లం చేప ఆమె వాళ్లమ్మ చేతి వంట. వాళ్లమ్మ ఆ కాలంలో మిషన్ బంగళాలో వంటమనిషి. అక్కడి దొరసానికి వాళ్ల దేశపు చేప మీద ప్రాణమట. సాల్మన్ అంటారు దాన్ని. ఇక్కడికి డబ్బాల్లోనే వచ్చేది, అదీ ఎప్పుడో. మా దేశంలో ఆ చేప పైన చక్కెర పాకం పూసి నిగనిగలాడేటట్టు చేస్తాం, పావుగంటలో అయిపోతుంది అని దొరసాని చేతులు తిప్పి చూపించేదట. వాళ్లమ్మ సాల్మన్ ఏనాడూ పచ్చిగా చూడలేదు. ఏటి బొచ్చె చేప తెచ్చి, చక్కెర బదులు బెల్లం, మన నిమ్మకాయ, మన కారం వేసి చేసి పెట్టింది. దొరసాని తిని ఏడ్చిందట. బాగుండి ఏడ్చిందో, ఊరు గుర్తొచ్చి ఏడ్చిందో మాకు తెలియదని అక్క నవ్వేది.

ఇక కోత పండుగ సంగతి. బయటివాళ్లకు తెలియకపోవచ్చు. ఎవరి చేలో పండింది, ఎవరి ఇంట్లో ఉన్నది వాళ్లు తెచ్చి దేవుడి ముందు బల్ల మీద పెడతారు. గుమ్మడికాయ, సజ్జలు, కోడిపుంజు, అరిసెలు. ఆరాధన అయినాక ఒక్కొక్కటీ ఎత్తి చూపి వేలం వేస్తారు. వేలం వేసేది నేనే. బస్టాండులో గరిటెలు అమ్మిన గొంతు కదా, మైకు అవసరం లేదు.

పన్నెండేళ్ల కిందటి పండుగకు అక్క బెల్లం చేప తెచ్చింది. ఎనిమిది ముక్కలు, స్టీలు పళ్లెంలో, పైన విస్తరాకు. ఆకు తీసేసరికి గుడంతా వాసన. ముక్కలు అద్దంలాగా మెరుస్తున్నాయి. నేను పళ్లెం ఎత్తి, "బెల్లం పూసిన చేప!" అని అరిచాను. ఆడవాళ్ల వరసలోంచి ఒక ముసలామె అంది.

"చేపకు బెల్లమా? నెల్లూరు జిల్లాలోనే పుట్టినావా మే నువ్వు?"

వెనక నుంచి ఒకడు అందుకున్నాడు. "పులుసు పెట్టడం రాక పాకం పట్టినట్టుండాది!"

గుడి గుడంతా నవ్వింది. అక్క ముందు బెంచీలో కూర్చుని ఉంది. "తిని మాట్లాడండయ్యా" అంది, అంతే.

ఎవరూ వేలం పాడలేదు. పళ్లెం పక్కకు పోయింది. ఆ రోజు నెల మొదటి ఆదివారం, వేలం తరవాత ప్రభు బల్ల ఉంది, రొట్టె, ద్రాక్షరసం అందరికీ పంచడం. పాస్టరు అయ్యగారు రొట్టె మీద గుడ్డ తీసేసరికి కిటికీ నుంచి నల్లటి గీత. చీమలు. బెల్లం పళ్లెం మీదికి, పళ్లెం మీద నుంచి తెల్లగుడ్డ మీదికి, గుడ్డ మీద నుంచి రొట్టె మీదికి. అయ్యగారి చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఆ రోజు ప్రభు బల్ల జరగలేదు. ఆ పళ్లెం తెచ్చిందెవరని ఒక పెద్దమనిషి గట్టిగా అడిగాడు. అందరూ అక్క వైపు చూశారు. ఆమె లేచి, పళ్లెం తీసుకుని, చీమలు చేతి మీదికి పాకుతున్నా దులపకుండా, నడిచి ఇంటికి పోయింది. అదే వారం పెద్దలు కూర్చుని, వండిన నీసు గుడిలోకి రాకూడదని సంఘం పుస్తకంలో రాశారు. పక్కన కారణం కింద ఆమె పేరు పెట్టి, ఆమె తెచ్చిన పళ్లెం అని రాశారు.

ఆ తరవాత ప్రతి పండుగకూ ఆమె ఒక నిమ్మకాయ తెచ్చి పెట్టేది. ఒక్కటే. పిసినిగొట్టు అన్నారు.

రెండేళ్లకు నా భార్య పోయింది. నేను హోటల్లో తినడం మొదలుపెట్టాను. ఒకరి దగ్గరికి పోయి అన్నం పెట్టమనే రకం కాదు నేను. ఒక సాయంత్రం అక్క చేతిలో పెనం పట్టుకుని, కబురైనా చేయకుండా, నా వంటింట్లోకి వచ్చేసింది.

"ఏందబ్బయ్యా, హోటలోడికి దత్తు పోయినావా? లెయ్. పొయ్యి వెలిగించు."

"నాకు వంట రాదక్కా."

"గరిటెలు చెక్కినావు గదా ఇన్నేళ్లు. అవెందుకనుకున్నావు, గోడకు తగిలించేదానికా?"

ఆ రోజు నాకు నేర్పింది అదే వంట. బొచ్చె ముక్కలు ఉప్పు, పసుపు రాసి, గుడ్డతో పొడిగా తుడవాలి. తుడవకపోతే నూనె ముఖాన కొడుతుంది. పెనం బాగా కాలాక వేరుశనగ నూనె వేసి, ముక్కను చర్మం వైపు కిందికి ఉండేటట్టు పెట్టాలి. పెట్టాక ముట్టుకోకూడదు. నేను గరిటె పెట్టబోతే చేతి మీద కొట్టింది. "కదిలించబాక. అదే వదులుతాది. వదలనిదాన్ని లాగితే తునకలవుతాది." గడియారం చూడదు ఆమె. భోజనం ముందు చెప్పుకునే ప్రార్థన నాలుగుసార్లు చెప్పుకోవాలి, తిప్పాలి, మళ్లీ రెండుసార్లు. ఆ లోపల గిన్నెలో తురిమిన బెల్లం, నిమ్మరసం, కారం, దంచిన అల్లం వెల్లుల్లి కలిపి, పెనంలో పోసి, గరిటెతో ఎత్తి ఎత్తి ముక్కల మీద పోయాలి. పాకం నురగ కట్టి, చిక్కబడి, ముక్కకు అంటుకుని మెరవగానే దించేయాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే బెల్లం చేదు. "పనికి పోయొచ్చినోడికి ఇంతకంటే పెద్ద వంట ఎందుకు? కాళ్లు కడుక్కునే లోపల అయిపోవాల" అనేది.

అన్నంలో తిన్నాను. అంత రుచిగా నేను జన్మలో తినలేదు. కానీ ఆ పావుగంటలో ఒక్కసారి కూడా ఆమె ముఖంలోకి చూడలేదు. ఎందుకో ఇప్పుడు చెప్పాలి. ఇక్కడిదాకా మీ అందరికీ తెలిసిన కథే. తెలియనిది ఒకటుంది.

పండుగనాడు వేలానికి ముందు ఆమె పళ్లెం నా చేతికే ఇచ్చింది. "అబ్బయ్యా, ఇది వేడి మీద వేలం వెయ్యి. ఆరితే చీమ పడతాది" అని చెవిలో చెప్పింది. నేను ఎత్తాను, జనం నవ్వారు. నా జన్మలో అంతమంది నా మాటకు నవ్వలేదు. అందుకని దాన్ని దించేసి, "దీని సంగతి ఆఖర్న చూద్దాం" అన్నాను. మళ్లీ నవ్వారు. రెండు గుమ్మడికాయలు అమ్మి మళ్లీ ఎత్తాను, మళ్లీ నవ్వారు, మళ్లీ దించాను. మూడుసార్లు. మూడోసారి వేలం బల్ల మీద చోటు లేక, కిటికీ పక్కన రొట్టె పెట్టిన బల్ల మీద పెట్టాను. పెట్టింది ఈ చెయ్యే. తెచ్చిందెవరని పెద్దమనిషి అడిగినప్పుడు, ఇక్కడ పెట్టింది నేనని అనాలి. అనలేదు. నేను ఒక కోడిపుంజును ఎత్తి పట్టుకుని నిలబడ్డాను, వేలం మధ్యలో ఉన్నవాడిలాగా.

కట్టడి పెట్టినప్పుడూ అనలేదు. నాకు కోపం అని పైన రాశాను. నిజమే, మీ మీద ఉంది. విచారించకుండా పుస్తకంలో ఒక ఆడమనిషి పేరు రాసినందుకు ఉంది. అయితే ఆ కోపం అడుగున ఉన్నది ఏంటో నాకు తెలుసు.

పోయిన ఎండాకాలం ఆమెకు ఒంట్లో బాగాలేక కూతురు ఆత్మకూరుకు తీసుకుపోయింది. చూడటానికి పోయాను. ఆ రోజే మనవరాలు నెల్లూరు నుంచి వచ్చింది. పెద్ద షాపులో మంచులో పెట్టి అమ్ముతున్నారట, సాల్మన్ చేప, అవ్వ కోసం తెచ్చింది. ప్యాకెట్టు కోసి ముక్క బయటికి తీయగానే అక్క కుర్చీలోంచి ముందుకు వంగింది. మాగిన బొప్పాయి పండు రంగు.

"ఇదా!" అంది. "మా అమ్మ దీన్ని చూడకుండానే పోయింది గదా." తరవాత నా వైపు తిరిగి, "నేను లేవలేను. నువ్వు చెయ్యి. నేను చూస్తా" అంది.

చేశాను. కూతురూ మనవరాలూ బయట వరండాలో ఉన్నారు. పెనం మీద చేప చిటపటమంటోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన లెక్క పెడుతోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"అక్కా, ఆ కోత పండుగనాడు..."

"తిప్పు. ఆ మూల మాడతా ఉండాది."

తిప్పాను. "ఆ పళ్లెం రొట్టె బల్ల మీద..."

"నువ్వు పెట్టినావు. నాకు తెలియదా? ముందు బెంచీలోనే గదా కూర్చోనుండేది."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. "మరి ఆ రోజే అనకూడదా అక్కా?"

"నేనంటే ఏముండాది? నువ్వు అంటావని చూసినా." కాసేపు ఊపిరి తీసుకుంది. "పన్నెండేళ్లు చూసినా అబ్బయ్యా. పాకం పొయ్, ఏం చూస్తా ఉండావు?"

పోశాను. కొంత పొయ్యి మీద పడింది. "ఈ పండక్కి అందరి ముందరా చెప్తా" అన్నాను.

"చెప్పు. నేనుండి వింటే బాగుంటాది."

ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. బాగుందా అని అడిగాను. "బాగుండాది. అయితే మన బొచ్చె బెల్లాన్ని తాగుతాది. ఇది తాగదు, పైన మోస్తాది, అంతే" అంది. సగం తిని, మిగిలింది మనవరాలికి పెట్టమంది.

ఆమె ఉండి వినలేదు. నేను పండుగ దాకా ఆగాను. ఎందుకు ఆగానో నాకే తెలియదు. ఆత్మకూరు నుంచి వచ్చిన మర్నాడే అయ్యగారి దగ్గరికి పోయి చెప్పి ఉంటే, కబురు ఆమె చెవిన పడేది. ఆమెను పూడ్చిన రోజు సమాధి దగ్గర మన పెద్దలలో ఒకడు, నా ఈడువాడే, నా భుజం మీద చెయ్యి వేశాడు. అక్కడికక్కడే అంతా చెప్పాను. కట్టడి తీయమన్నాను.

"పోయినామె కోసం ఇప్పుడు పుస్తకం దిద్దేదేందిరా?" అన్నాడు.

"ఆమె పేరు ఉన్నచోట నా పేరు ఉండాలిరా" అన్నాను.

"సరేలే, ఆలోచిస్తాం" అన్నాడు. అది జరిగి మూడు వారాలైంది.

ఆలోచిస్తాం అన్న మాట నాకు వద్దు. పెద్దలను ఈ పత్రికలోనే అందరి ముందరా అడుగుతున్నాను. ఆ పుస్తకం తెరిచి ఆమె పేరు కొట్టేయండి. పళ్లెం అక్కడ పెట్టింది నేనని, నోరు మూసుకుని నిలబడింది నేనని, నా పేరుతో రాయండి. నేను సంతకం చేస్తాను, సంతకం వచ్చు నాకు. వండిన చేప మీద కట్టడి తీసేయండి. ఈ ఆదివారం పండుగలో అన్నిటికంటే ముందు, వేడి మీద, బెల్లం చేప వేలానికి రావాలి. వేలం ఇంకెవరైనా వేయండి. నేను వండుకొస్తాను.

సోమశిల బొచ్చె చెప్పి పెట్టాను. శనివారం సాయంత్రం నాలుగు గంటల బస్సులో మంచు పెట్టెలో వస్తుంది. అవునా, కాదా, ఆ బస్సు వచ్చేలోగా నాకు చెప్పాలి. కాదంటే ఆదివారం గుడి వాకిట్లోనే పొయ్యి పెడతాను. మీరు లోపల పాటలు పాడుకోండి, పొగ లోపలికి వస్తుంది. శనివారం మూడున్నర నుంచి బస్టాండులో నిలబడి ఉంటాను. ఎవరో ఒకరు వచ్చి చెప్పండి.