అత్త ఎక్కని బండికి చైను కొలత

ఇప్పుడు చెప్పబోయేది ఒక వంజరం చేప, ఒక నిశ్చితార్థం, నా పరువు కలిసి ఒకే ఉదయాన మునగబోయిన కథ. మూడింటిలో ఒకటి మునిగింది. చేప కాదు, దానికి ఈతొచ్చు.

ముందు నా గురించి కొంచెం. ఇల్లు కట్టుకునేవాళ్ళకి కొలతలు తీసి, ఎన్ని ఇటుకలు పడతాయో, ఎంత సిమెంటు కావాలో చెప్పడం నా పని. ఇంజనీరింగు చదవలేదు. టేపే నా గురువు. జేబులో టేపు లేకుండా నేను పెళ్ళికే కాదు, పరామర్శకు కూడా వెళ్ళను. మా పెళ్ళినాడు చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే, నేను కళ్ళు తెరిచి పైకప్పు దూలాల మధ్య ఎడం లెక్కేశానని నా భార్య ఇప్పటికీ అంటుంది. శుద్ధ అబద్ధం. కళ్ళు మూసుకునే వేశాను.

నాలుగేళ్ళ కిందట నేనూ, నా భార్య అన్న దావీదూ ఒకే నెలలో రెండు మోటారు సైకిళ్ళు కొన్నాం. తారు రోడ్డు మీదా మట్టి గట్టు మీదా ఒకేలా పరిగెత్తే పొడుగుకాళ్ళ బళ్ళు. కంపెనీలు వేరు. అంతకన్నా పెద్ద తేడా వెనక చక్రం దగ్గరుంది. నడిచేకొద్దీ చైను సాగుతుంది కదా, సాగినప్పుడు చక్రాన్ని కాస్త వెనక్కి జరిపి బిగించాలి. అందుకోసం నా బండికి ఇరుపక్కలా ఒక్కో మరబోల్టు ఉంది. తిప్పినంత జరుగుతుంది, వెంట్రుకవాసి అంటే వెంట్రుకవాసే. బావ బండికి బోల్టుల్లేవు. ఇరుపక్కలా ఒక్కో ఇనప బిళ్ళ, నత్తగుల్ల ఆకారంలో. బిళ్ళ అంచున గాట్లు, గాట్ల పక్కన అంకెలు. రెండు వైపులా ఒకే అంకెకు తిప్పితే చక్రం తిన్నగా కూర్చుంటుంది.

"రెండేపులా అయిదు. అయిపోనాది బావా," అన్నాడు దావీదు, నేను చేతిలో టీ ఊదుకునేలోపు పని ముగించి.

"మరి అయిదుకీ ఆరుకీ మజ్జిన కావాలంటే?"

"ఎందుక్కావాల?"

"కావాలనుకో."

"అయిదులో ఎడతాను."

"అది తప్పు గదా బావా."

"తప్పయితే ఆరులో ఎడతాను."

ఇలాంటివాడితో వాదన అంటే జారిపోయే మలుగుపామును ఒట్టి చేతుల్తో పట్టుకోవడమే. అయినా వదల్లేదు. నత్తబిళ్ళ మెట్లు మెట్లుగా గెంతుతుందనీ, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉన్న సత్యం దానికి ఎన్నటికీ అందదనీ, బోల్టు మాత్రం ఆ సత్యం దాకా పాక్కుంటూ వెళ్తుందనీ వారానికోసారి బోధించేవాణ్ణి. బావ ఓపిగ్గా విని, "సత్తెం దొరికేక ఫోన్ సెయ్యి," అని వెళ్ళిపోయేవాడు.

ఇంతలో దావీదు కూతురి నిశ్చితార్థం కుదిరింది. వాళ్ళ ఊరు శ్రీముఖలింగం రోడ్డు దిగి, వంశధార గట్టు పట్టుకుని పోతే వస్తుంది. పెళ్ళికొడుకు తండ్రి కానుకలేవీ అడగలేదు. ఒక్కటే కోరాడు: "అమ్మాయి నాయనమ్మ సేత్తో వండిన సముద్రం సేప పులుసు తినాల." దావీదు మాటిచ్చేశాడు. ఆ నాయనమ్మ పేరు రూతమ్మ. ఎచ్చెర్ల దిగువన, సముద్రం ఒడ్డున చేపల వ్యాపారం. నాకు అత్తగారు. దానికి ముందు స్వయానా మేనత్త. అంచేత అల్లుడి మర్యాద నాకు ఒక్క పూటైనా దక్కలేదు.

వానలకి గట్టు అడుసైపోయింది, ఆటోలు రామన్నాయి. తెల్లవారి పడవలు రాగానే అత్త చేప ఎంచుకుంటుంది, మా రెండు బళ్ళూ ఆమెనీ చేపనీ నిశ్చితార్థంలో కోసే కేకునీ చేరవేస్తాయి. ఇదీ ఏర్పాటు. చేప ఎవరి బండెక్కాలన్నదే తగాదా.

"బావ బండి చైను ఇంచుమించు లెక్క అత్తా. కుదుపొస్తాది, చేప నలిగిపోతాది," అన్నాను.

"ఒరే, సేప సచ్చిపోనాదిరా. దానికి ఒళ్ళు నొప్పులుండవు. ఎవుడో ఒకడు బేగి ఎక్కించండి," అంది అత్త.

గెలిచాను. పసిపిల్లంత వంజరం, ఐసుగడ్డలు నింపిన గంప, ఆ గంపని ఒళ్ళో పెట్టుకున్న అత్త, అన్నీ నా బండి మీదే. దావీదు కేకు పట్టుకుని ముందు పోయాడు.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. ముందురోజే బండిని స్టాండు మీద నిలబెట్టి, నేను చైను బిగించాను. చైను ఎంత వదులుండాలో చక్రం పక్కనే స్టిక్కరు మీద రాసుంది. దావీదు తన బండి మీదున్న స్టిక్కరు చూసి అలాగే పెట్టుకున్నాడు. నాకది మరీ ఎక్కువనిపించింది. పాత చిన్నబండికి ఏళ్ళ తరబడి అందులో సగమే ఉంచాను, ఏనాడూ పేచీ పెట్టలేదు. కంపెనీవాడు భయంకొద్దీ రెట్టింపు రాసుంటాడని తీర్మానించి, వాడి తప్పు దిద్దాను. తెగేదాకా లాగకూడదని పెద్దలన్నారు. నేను లాగలేదండీ. కొలిచి మరీ బిగించాను.

అత్త ఎక్కగానే బండి సన్నగా మూలిగింది.

"ఏటిరా, బండి ఏడుస్తన్నాది?"

"కొత్త బిగింపు అత్తా. అలవాటు పడాల."

ఎచ్చెర్ల దగ్గరికొచ్చేసరికి మూలుగు కాస్తా ఈల అయింది. ఆపాను. అత్తని దింపి, గంప దింపి, స్టాండేసి కొలిచాను. సరిగ్గా ఉంది. మళ్ళీ ఎక్కాం. ఇంకొంచెం దూరం పోయాక ఈల కాస్తా దూడ అరుపైంది. దింపాను, కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు. గట్టెక్కాక గుంత గుంతకీ 'టక్' అని ఎవరో కింద నుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు. మళ్ళీ దింపాను. అప్పటికే ఐసు కరిగి అత్త చీర తడిసిపోయింది. అటు దావీదు ఫోను: "బావా, మగపెళ్ళోరు వచ్చీసినారు. వియ్యంకుడు వంటింటేపే సూస్తన్నాడు."

నేను మోకాళ్ళ మీద కూర్చుని టేపు చూపించాను. "సూడత్తా, సరిగ్గా ఉన్నాది."

అత్త టేపు వంక చూడలేదు, నా వంక చూసింది. "మనం దిగితే బాగుంటన్నాది. ఎక్కితే ఏడుస్తన్నాది. అయితే మనిద్దరం ఇక్కడ కూకుందాం. సేపనిచ్చి దాన్నొక్కదాన్నీ పంపీ."

నవ్వాను. సగం నవ్వులో నోరు అలాగే ఉండిపోయింది. పొడుగుకాళ్ళ బండి కదా, మనిషెక్కితే బెత్తెడు దిగుతుంది. దిగినప్పుడు వెనక చక్రం ఇంజనుకి దూరం జరుగుతుంది, చైను బిగుసుకుంటుంది. స్టిక్కరు మీది ఆ మిగులు భయంకొద్దీ రాసింది కాదు. అది మా అత్త కోసం కంపెనీవాడు వదిలిన చోటు. అత్త ముఖమైనా చూడనివాడు ఆమెను లెక్కలో వేసుకున్నాడు. చిన్నప్పటినుంచీ ఆవిడ చేతి చేపలు తిని పెరిగినవాణ్ణి, నేను ఆమెను లెక్కలోంచి కొట్టేశాను.

వదులు చేద్దామంటే పానా లేదు. ఇంత కచ్చితంగా బిగించాక పానాతో పనేముందని ఇంట్లో పెట్టొచ్చాను. అప్పుడైనా ఆగాలి. ఆగితే నేనెలా అవుతాను?

"ఇంకెంత దూరం అత్తా, గట్టు దిగితే ఇల్లే," అన్నాను.

తర్వాతి గుంతలో చైను తెగింది. బొమ్మిడాయిలా బురదలో మెలికలు పడి ఉంది. బండి పక్కకి ఒరిగింది, నేను అడుసులో కూలబడ్డాను. అత్త మాత్రం గంపతో సహా తిన్నగా నిలబడే ఉంది. అలల్లోకి దిగి పడవ దగ్గర గంపనెత్తుకునే మనిషికి గట్టుమీద గుంత ఒక లెక్కా?

ఫోను చేస్తే దావీదు వచ్చాడు. తిడతాడేమోనని చూశాను, తిట్టలేదు. తల్లినీ చేపనీ ఎక్కించుకుని, కిక్కు కొట్టే ముందు ఒక్కమాట అన్నాడు: "రెండేపులా అయిదు బావా." ఆ బండి కిక్కురుమనకుండా వెళ్ళిపోయింది.

అడుసులో అడుగడుగునా దిగబడే నా బండిని లాక్కుంటూ తోసుకుంటూ నేను చేరేసరికి ఉంగరాలు మార్చుకోవడం, ప్రార్థన, భోజనాలు అన్నీ అయిపోయాయి. మోకాళ్ళ దాకా బురదతో గుమ్మంలో నిలబడ్డాను. వియ్యంకుడు చెయ్యి కడుక్కుని తేన్చి, తృప్తిగా నా వంక చూశాడు.

"ఈయనెవరమ్మా?"

"మా అల్లుడు బాబూ," అంది అత్త. "బళ్ళు మా బాగా కొలుస్తాడు. ఎవులూ ఎక్కకపోతే ఆడి బండంత మంచి బండి మన జిల్లాలో నేదు."

ఇల్లంతా నవ్వింది. పెళ్ళికూతురు కూడా తలొంచుకుని నవ్వింది. ఆ పిల్లని చిన్నప్పుడు నేను ఎత్తుకుని మోశాను. అత్త నా ముందు కంచం పెట్టింది. అందులో అన్నం, పులుసు, ఒక తోక ముక్క. "నీకోసమే ఉంచినాను. కొలుసుకుని తిను."

వంశధార సాక్షిగా, ఆ తోక ముక్క సాక్షిగా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: ఖాళీ సీటుని నమ్మి మళ్ళీ టేపు తీయను. బండే కాదు, మంచమైనా ఉయ్యాలైనా సరే, ముందు మనిషి ఎక్కాలి, తర్వాతే కొలత. ముఖ్యంగా, అత్తను సీటు మీద కూర్చోబెట్టనిదే నా చైను బిగించను.

ఆవిడా అదే రోజు ఒక ఒట్టు పెట్టుకుంది. జన్మలో నా బండెక్కదట. ఇద్దరం మాట మీద నిలబడే మనుషులం కాబట్టి, కొత్తగా వేయించిన చైను ఇప్పటికీ వదులుగానే ఉంది.