పాచికకు యాదుండదు

నేను చిన్నప్పుడు రాయడం నేర్చుకోకపోవడం బడి లేక కాదు. బడి మా వాకిట్లోంచి కనిపించేది. కోతలు కాగానే అమ్మానాన్నలు మట్టిపనికి దూరం పోయేవాళ్లు. చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి నేనూ వెంట పోయేదాన్ని. తిరిగొచ్చేసరికి బడిలో నా పేరు కొట్టేసేవారు.

నలభై దాటాక నా బిడ్డ అక్షరాలు నేర్పింది. అప్పుడది రోజూ బస్సులో పోయి ఇంటర్ చదువుతోంది. సాయంత్రం దాని లెక్కల పుస్తకం నేను కూడబలుక్కుంటూ చదవాలి, అది లెక్క చెయ్యాలి. ఇద్దరి చదువూ అట్లా సాగేది.

ఆ ఎండాకాలం మా చెలకలో రెండు బోర్లు వేయిస్తే రెండింట్లోనూ దుమ్మే లేచింది. మూడో బోరు కోసం ఎద్దుల్ని పెబ్బేరు సంతకు తోలుతానని మా ఆయన పట్టుపట్టాడు. ఎద్దులు పోతే సేద్యం పోయినట్టే. మళ్లీ మట్టిపనికి వలస పోవాలి. ఆ బతుకు నాకు తెలుసు.

సంతకు ముందురోజు సాయంత్రం నేను చదివిన లెక్క ఇది: పాచికను రెండుసార్లు దొర్లిస్తే రెండుసార్లూ ఆరు పడే సంభావ్యత ఎంత? బిడ్డ వైకుంఠపాళి పాచిక తెచ్చింది.

"ఒకసారి ఆరు పడేది ఆరింట్ల ఒక వంతు. రెండోసారి గూడ గంతే. గుణిస్తే ముప్పై ఆరింట్ల ఒక వంతు."

మంచం మీదున్న మా ఆయన లేచి పాచిక అందుకున్నాడు. ఎంతసేపు వేసినా ఆరు పడలేదు.

"గింతసేపు పడలే. ఇగ పడాలె గద," అన్నాడు.

"ఎందుకు పడాలె నాయినా? దానికేమన్న యాదుంటదా? ఎన్నిసార్లు పడకున్నా, మళ్ల ఆరింట్ల ఒక వంతే."

ఆయన వేశాడు. రెండు పడింది. బిడ్డ నవ్వింది.

"మరి రెండు బోర్లు ఎండినయని మూడోది నీళ్లిస్తదా?" అన్నాను.

"భూమి, పాచిక ఒకటేనానే?"

"కాదు. పాచికల ఆరున్నదని మనకెరుక. మన చెలకల రాయి కింద నీళ్లున్నయని ఎవరికెరుక?"

ఆయన పాచికను కింద పెట్టాడు. తర్వాత బిడ్డ వైపు చూశాడు.

"మీ అమ్మకు సదువు చెప్పమని నీకెవరు చెప్పిన్రే? ఈ యేడు ఆముదాలే ఏద్దాం తీ. వానకు పండుతయి."

మరునాడు పొద్దున ఎద్దులకు కుడితి పెట్టి, వాటి వెనకే చెలకకు పోయాను. ఆయన దున్నుతుంటే పైకి తేలిన పాత పంట మోళ్లు ఏరి గట్టున వేశాను.